యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగస్టు 1948) సుప్రసిద్ధ జీవరసాయన శాస్త్రవేత్త, వైద్యుడు. శరీరములోని కణజాలములు పని చేయుటకు శక్తి ఎక్కడినుండి లభించునో తెలుసుకొనుటలో ఆయన పరిశోధనలు ముఖ్యమైనవి. రక్తమునకు సంబంధించిన వ్యాధుల చికిత్సకు కూడా అవి దారి చూపినాయి.

బాల్యము, విద్యాభ్యాసము

సుబ్బారావు పశ్చిమ గోదావరి ప్రాంతములోని భీమవరములో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించాడు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండు మార్లు తప్పి, మూడవ ప్రయత్నములో మద్రాసు హిందూ హైస్కూలు నుండి ఉత్తీర్ణుడైనాడు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అను ప్రేగుల వ్యాధితో మరణించారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందున శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. బదులు అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకొనవలసి వచ్చినది. తరువాత మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రము బోధించి, మామగారు, మిత్రుల ధన సహాయముతో అమెరికా వెళ్ళాడు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది.

కండర కణజాలముపై పరిశోధన

బోస్టన్‌లో ఆసుపత్రిలో రాత్రిపూట కూలి పని చేస్తూ హార్వర్డులో చదివాడు. అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి రక్తము, కణజాలములలో గల అతి స్వల్ప భాస్వరమును నీలి రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. నేటికీ అది ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా పాఠ్యపుస్తకములలో ఉన్నది.

ఈ కొలత సాధనముగా 1927లో కండరములలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను (ఎ.టి.పి.) కనుగొన్నారు. అదే సంవత్సరము జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఎ.టి.పి.ని విడిగా కనుగొన్నాడు. కండరము సంకోచించునపుడు ఎ.టి.పి. విచ్ఛిన్నమై శక్తినిచ్చును. ఫాస్ఫోక్రియాటిన్ నిల్వ ధనము వలె దానిని తిరిగి తయారు చేయును. కండరమునకు శక్తి లాక్టిక్ ఆమ్లము ఏర్పడుట వలన కలుగునని అంతవరకు గల భావన దీనితో మారిపోయినది. ఇంత చేసినా హార్వర్డు ఆయనకు శాశ్వత పదవి ఇవ్వలేదు.

రక్త కణజాలము, ఔషధములు

1940లో న్యూయార్క్ రాష్ట్రములోని లెడర్లీ ప్రయోగశాలలో చేరి, పరిశోధన విభాగమునకు అధిపతి అయినాడు. ఎముకల మజ్జలో రక్త కణములు అతి వేగముగా విభజన చెందును. అందుకు ఫోలిక్ ఆమ్లము అవసరము. అది కొరవడిన రక్తహీనత కలుగును. ఆయన బృందము ఈ విటమినును కృత్రిమముగా తయారు చేసింది. ఫోలిక్ ఆమ్లమును అడ్డగించు అమినోప్టెరిన్‌ను కూడా రూపొందించింది. సిడ్నీ ఫార్బర్ దీనిని తీవ్ర ల్యుకేమియా ఉన్న 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో తాత్కాలికముగా మెరుగు కనిపించెనని 1948లో వెల్లడైనది. ఈ కుటుంబమునకే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది.

బోదకాలు వ్యాధికి వాడే డై ఇథైల్ కార్బమజైన్, ఆరియోమైసిన్ అను యాంటీబయాటిక్ కూడా ఆయన నాయకత్వములో వెలువడినవి. నల్గొండ వంటి జిల్లాలలో బోదకాలు నివారణకు ఇంటింటా పంచిన డి.ఇ.సి. మాత్రలలోని మందు ఇదే.

మరణము, గుర్తింపు

స్వదేశమునకు తిరిగి రాకుండానే 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో మరణించాడు. కీర్తి కోరనందున, పరిశోధనలలో తన పేరు ముందుంచుకొననందున జీవితకాలములో ఆయనకు తగిన గుర్తింపు రాలేదు. ఒక శిలీంధ్ర ప్రజాతికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. శతజయంతి సందర్భముగా 1995లో భారత ప్రభుత్వము తపాలా బిళ్ళ విడుదల చేసింది.