పేటెంట్ చట్టంతో ఎదిగారు.. ఆ చట్టం మారుతుంటే భయపడలేదు! డాక్టర్ అంజిరెడ్డి కథ ఇదీ

కాచిగూడ, హైదరాబాద్: కాచిగూడ స్టేషన్ నుంచి విద్యానగర్ మీదుగా ఉస్మానియా క్యాంపస్ దాటితే తార్నాక. అక్కడే ఐఐసీటీ. పాతతరం వాళ్లు ఇప్పటికీ ఆర్‌ఆర్‌ఎల్ అనే అంటారు. విదేశీ మందుల్ని వేరే పద్ధతిలో, తక్కువ ఖర్చుతో తయారు చేయడం నేర్పిన ల్యాబ్ ఇది. ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీ తయారీ పద్ధతి సిప్లాకు ఇక్కడి నుంచే వెళ్లింది.

అలా చేయడం తప్పు కాదని చెప్పింది 1970 నాటి పేటెంట్ చట్టం. మందు మీద కాదు, తయారీ పద్ధతి మీదే పేటెంట్ అంది. దారి మార్చి అదే మందు చేస్తే ఎవరూ అడ్డుకోలేరు. ఈ వీలును బాగా వాడుకున్న వాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు డాక్టర్ కల్లం అంజిరెడ్డి. ఆయన పోయి పుష్కరం దాటింది.

పసుపు రైతు కొడుకు

గుంటూరు జిల్లా తాడేపల్లిలో పుట్టారు. నాన్న పసుపు పండించేవారు. గుంటూరు ఏసీ కాలేజీలో డిగ్రీ, బొంబాయిలో ఫార్మా చదువు, పుణె ఎన్‌సీఎల్‌లో పీహెచ్‌డీ. తర్వాత హైదరాబాద్ ఐడీపీఎల్‌లో ఉద్యోగం. సర్కారు కొలువు వదిలేసి మొదట యూనిలాయిడ్స్, ఆ తర్వాత స్టాండర్డ్ ఆర్గానిక్స్ నడిపారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. బీపీకి వాడే మిథైల్‌డోపాతో మొదలుపెట్టి, నోరిలెట్, ఒమెజ్ లాంటి మాత్రలతో ఇంటింటికీ చేరారు.

రూల్స్ మారాయి

1995లో డబ్ల్యూటీవో వచ్చింది. పదేళ్లలో మందు మీదే పేటెంట్ ఇవ్వాలన్నారు. పేదోడికి మందు అందదంటూ సిప్లా యూసుఫ్ హమీద్ గట్టిగా వ్యతిరేకించారు. అందులో నిజం ఉంది కూడా. అంజిరెడ్డి మాత్రం చట్టం ఎలాగూ మారుతుంది, మనమే కొత్త మందు కనిపెడదాం అనే దారి పట్టారు. పాత చట్టంతో పైకొచ్చిన మనిషి ఇలా అనుకోవడం మామూలు విషయం కాదు. ప్రధాని వాజ్‌పేయి హయాంలో వాణిజ్య, పరిశ్రమల మండలిలోనూ సభ్యుడిగా ఉన్నారు.

అమెరికా రూల్‌ను మాత్రం భలే పట్టుకున్నారు. అక్కడ 1984 నాటి చట్టం ప్రకారం పేటెంట్‌ను ముందుగా సవాల్ చేసిన జనరిక్ కంపెనీకి 180 రోజులు పోటీ ఉండదు. 2001 ఆగస్టులో డిప్రెషన్ మందు ఫ్లూవాక్సిటీన్ 40 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌కు డాక్టర్ రెడ్డీస్ ఆ అవకాశం దక్కించుకుంది. అదే ఏడాది న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లోకీ వెళ్లింది. అన్నీ గెలవలేదండోయ్. బీపీ మందు ఆమ్లోడిపిన్ కేసులో 2004లో ఫైజర్ చేతిలో ఓడిపోయారు.

తీరని కోరిక

అసలు కల కొత్త మందు. 1997లో తమ ల్యాబ్‌లో పుట్టిన డయాబెటిస్ మందు బాలాగ్లిటజోన్‌ను డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌కు లైసెన్స్‌కు ఇచ్చారు. ఒక ఇండియన్ కంపెనీ అలా చేయడం అదే మొదలు. తర్వాత రాగాగ్లిటజార్ కూడా ఇచ్చారు. కానీ 2002లో ఎలుకల్లో కణుతులు కనిపించడంతో దాని ట్రయల్స్ ఆగిపోయాయి. బాలాగ్లిటజోన్ కూడా మార్కెట్ దాకా రాలేదు. కంపెనీకి నష్టమే. కానీ ఆ టెస్టులు ఉన్నది పేషెంట్ కోసమే కదా.

ఇంకో దెబ్బ జర్మనీలో. 2006లో 48 కోట్ల యూరోలు పెట్టి బీటాఫార్మ్‌ను కొన్నారు. ఏడాది తిరక్కుండానే అక్కడి ఆరోగ్య సంస్కరణలతో ఇన్సూరెన్స్ సంస్థలు టెండర్లు పిలిచి మందులు కొనడం మొదలుపెట్టాయి. ధరలు కుప్పకూలాయి. జర్మనీ జనానికి చవక, హైదరాబాద్ కంపెనీకి వందల కోట్ల నష్టం.

2011లో పద్మభూషణ్ అందుకున్న అంజిరెడ్డి 2013 మార్చి 15న హైదరాబాద్‌లో క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆయన రాసుకున్న జీవితకథ ఆ తర్వాతే పుస్తకంగా వచ్చింది. దాని పేరు అన్ అన్‌ఫినిష్డ్ అజెండా. అంటే పూర్తికాని పని.