కుక్క కడుపులో క్రిముల్ని చూసిన ప్లేట్‌లెట్ల డాక్టర్

ఇంట్లో ఎవరికైనా డెంగీ వస్తే అందరి నోటా వినిపించే మాట ప్లేట్‌లెట్లు. రక్తస్రావాన్ని ఆపడంలో వాటి పాత్రను తేల్చి చెప్పింది ఇటలీ వైద్యుడు జూలియో బిజోజెరో. కడుపు అల్సర్ల కథలోనూ ఆయన పేరుందని మాత్రం చాలామందికి తెలియదు.

బిజోజెరో 1846లో ఉత్తర ఇటలీలోని వరేజేలో పుట్టారు. ఇరవై ఏళ్లకే పావియాలో వైద్యపట్టా అందుకున్నారు. 1868లో, ఇంకా కుర్రవాడుగా ఉండగానే, ఎర్ర రక్తకణాలు ఎముక మూలుగలో తయారవుతాయని చూపించారు. తర్వాత నోబెల్ గెలిచిన కమిల్లో గాల్జీ మైక్రోస్కోపు పని నేర్చుకున్నది వయసులో తనకన్నా చిన్నవాడైన ఈయన దగ్గరే. ముప్ఫై నిండకుండానే టురిన్‌లో ప్రొఫెసర్ అయ్యారు.

ప్లేట్‌లెట్ల కోసం ఆయన చేసిన పని చూడండి. గినీపందులు, కుందేళ్లలో పేగుల్ని పట్టి ఉంచే పల్చటి పొరను మైక్రోస్కోపు కింద పరచి, బతికున్న జంతువులో పారుతున్న రక్తాన్నే గమనించారు. చిన్న గాయమైన చోట ప్లేట్‌లెట్లు వచ్చి అతుక్కోవడం అలా కంటపడింది. 1882లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

కడుపు దగ్గర ఆ వీలు లేకపోయింది. 1893లో ఆయన కుక్కల జీర్ణాశయం పొరను పరీక్షిస్తూ గ్రంథుల్లో, ఆమ్లం తయారుచేసే కణాల్లో సైతం, మెలికలు తిరిగిన సూక్ష్మజీవులను చూశారు. అంత ఆమ్లంలో ఏదో బతుకుతోందన్నమాట! కానీ చూడాలంటే కడుపు కోయాలి. కోశాక ఆ కుక్కలో క్రిమి ఎన్నాళ్లుంటుంది, జబ్బు చేస్తుందా, తగ్గుతుందా అని అడగడానికి ఇక కుక్కే ఉండదు. నా దృష్టిలో ఆ పరిశోధన ఆగిన చోటు అదే. 1896లో హ్యూగో సాలమన్ కుక్క కడుపు పొరను ఎలుకలకు తినిపించి క్రిమిని వాటికి అంటించగలిగారు. అక్కడా ఫలితం తెలిసింది కడుపు తెరిచి చూశాకే.

చివరి ఏళ్లలో కంటిజబ్బు వల్ల బిజోజెరో మైక్రోస్కోపుకు దూరమయ్యారు. ఊళ్ల పారిశుద్ధ్యం, ప్రజారోగ్యం మీద దృష్టి పెట్టారు. 1901లో న్యుమోనియాతో, 55 ఏళ్లకే కన్నుమూశారు.

మనుషుల కడుపులో ఉండే ఇలాంటి క్రిమిని 1982లో ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ ల్యాబులో పెంచగలిగారు. అదే హెలికోబ్యాక్టర్ పైలోరి. వారికి 2005లో నోబెల్ దక్కింది. కుక్కల్లోని ఒక రకానికి 1996లో బిజోజెరో పేరే పెట్టారు.

ఇప్పుడు జంతువును కోయనక్కర్లేదు. ఈ క్రిములకు యూరియాను విడగొట్టే యూరియేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. గుర్తు పెట్టిన కార్బన్ ఉన్న యూరియాను తాగిస్తే, క్రిమి దాన్ని అమ్మోనియాగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడగొడుతుంది. ఆ కార్బన్ రక్తంలోకి, అక్కడి నుంచి ఊపిరిలోకి వస్తుంది. కుక్కకైతే ముఖానికి మాస్కు తగిలించి, ఎలుకనైతే చిన్న డబ్బాలో ఉంచి ఊపిరి సేకరిస్తారు. మలంలో క్రిమి జన్యుపదార్థం వెతకడం ఇంకో దారి. అలా ఒకే జంతువును మందుకు ముందు, తర్వాత, నెలల తరబడి పరీక్షించవచ్చు. బలయ్యే జంతువుల సంఖ్యా తగ్గుతుంది.

చిక్కులు లేకపోలేదు. నోటిలో, పేగుల్లో ఉండే వేరే బ్యాక్టీరియా కూడా యూరియాను విడగొడతాయి. పైగా ఎలుకలు తమ మలాన్ని తామే తింటాయి. అందుకే పరగడుపున ఉంచి చేస్తారు, ఒక్క పరీక్షతో తీర్పు చెప్పరు.

మనకు చేసే బ్రెత్ టెస్టు కూడా ఇదే. కాకపోతే గ్యాస్ మాత్రలు వాడుతుంటే క్రిమి ఉన్నా లేనట్టు చూపించే అవకాశం ఉంది. సాధారణంగా ఆ మాత్రలు రెండు వారాలు, యాంటీబయాటిక్స్ నాలుగు వారాలు ఆపాక ఈ పరీక్ష చేస్తారు. ఏ మందులు వాడుతున్నారో ముందే డాక్టరుకు చెప్పండి, సొంతంగా మాత్రం ఆపకండి.