ఆరణాల కూలీ, ఖాళీ అయిన స్థానం: టంగుటూరి అంజయ్య గారి జీవితం

దోహాలో పాత సామాన్ల బజారు సూక్ అల్ హరాజ్ ఉన్న పేటను నజ్మా అంటారు. నేనుండేది అక్కడే. శుక్రవారం సెలవునాడు తెలుగువాళ్ళం నలుగురం కలిస్తే మన ఊళ్ళ ఎన్నికల ప్రస్తావన రాకుండా ఉండదు. ఫలానా నియోజకవర్గం ఫలానా పార్టీకి కంచుకోట, అక్కడ ఎవర్ని నిలబెట్టినా గెలుపు ఖాయం అనే మాట తప్పకుండా వినిపిస్తుంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు టంగుటూరి అంజయ్య గారు గుర్తుకు వస్తారు. తన సొంత కోటలో ఓడిపోయిన మనిషి ఆయన. పార్టీ రాష్ట్రమంతటా ఓడిపోతున్న రోజుల్లో, మరొకరు ఖాళీ చేసి వెళ్ళిన స్థానంలో గెలిచిన మనిషీ ఆయనే. ఇప్పటి పిల్లల్లో చాలామందికి ఆయన పేరు హైదరాబాదు లుంబినీ పార్కు బోర్డు మీద మాత్రమే కనిపిస్తుంది. అందుకే ఆయన కథను ఈ సంచికలో నాలుగు మాటల్లో చెప్పాలనిపించింది.

అంజయ్య గారు 1919 ఆగస్టు 16న పుట్టారు. వారిది మెదక్ జిల్లా భానూరు. ఇంటిపేరు చూసి ప్రకాశం పంతులు గారి బంధువనుకునేవారు ఉన్నారు గాని, ఈయన నిజాం ఏలుబడిలో పెరిగిన తెలంగాణ మనిషి. సుల్తాన్ బజారు హైస్కూల్లో చదువుకున్నారు. ఆ తర్వాత ఆల్విన్ కర్మాగారంలో రోజుకు ఆరణాల కూలికి చేరారు. రూపాయికి పదహారణాలు చెల్లే కాలంలో ఆరణాలంటే అర రూపాయికి కూడా తక్కువ. ముఖ్యమంత్రి అయిన తర్వాత కూడా జనం ఆయన్ని ఆరణాల కూలీగానే చెప్పుకున్నారు. ఆ పేరును ఆయన చిన్నతనంగా భావించలేదు.

కర్మాగారంలోనే కార్మిక సంఘం పనిలోకి దిగారు. సంఘం నాయకుడి పని ఎలా ఉంటుందో గల్ఫులో ఉన్న మాకు వేరే చెప్పనక్కర్లేదు. ఒకరికి జీతం ఆగిపోతుంది, ఒకరిని పనిలోంచి తీసేస్తారు, మరొకరి చెయ్యి యంత్రంలో నలుగుతుంది. ఆ రోజు వాళ్ళ వెంట యాజమాన్యం దగ్గరికి నడిచి వెళ్ళే మనిషి కావాలి. జంట నగరాల కార్మికులకు అంజయ్య గారు అలాంటి మనిషి అయ్యారు. ఆజామాబాదు పారిశ్రామిక వాడ పక్కనే ఉన్న ముషీరాబాదు నుంచి కాంగ్రెసు తరఫున శాసనసభకు ఎన్నికవుతూ వచ్చారు. రాష్ట్రంలో కార్మిక మంత్రి కూడా అయ్యారు.

ముషీరాబాదు ఇక ఆయనదేనని అందరూ అనుకున్నారు. కానీ 1978లో ఆయన అక్కడే ఓడిపోయారు. రాష్ట్రంలో ఇందిరా కాంగ్రెసు అధికారంలోకి వచ్చిన ఏడాది అది. గెలిచింది జనతా పార్టీ అభ్యర్థి నాయిని నర్సింహారెడ్డి గారు. ఆయనా కార్మిక నాయకుడే. తర్వాత రోజుల్లో, 2014లో, తెలంగాణ తొలి హోం మంత్రి అయ్యారు. అంజయ్య గారు ఏ పనితో ఆ పేటను తనదిగా చేసుకున్నారో, అదే పని చేసే మరొక మనిషి వచ్చి దాన్ని తీసుకున్నాడు. కంచుకోట అన్న మాట ఎంత పలచనిదో అక్కడే తెలుస్తుంది.

ఓటమి ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టలేదు. 1980 అక్టోబరు 11న, మర్రి చెన్నారెడ్డి గారి తర్వాత, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. పార్టీలో ఎవరినీ కాదనలేక మంత్రుల సంఖ్యను అరవై దాటించారు. దాన్ని జంబో మంత్రివర్గమని పత్రికలు ఆటపట్టించాయి. ఆ విమర్శలో న్యాయం ఉంది. అందరినీ సంతోషపెట్టాలనుకునే మనస్తత్వం సంఘంలో బలమైనా ప్రభుత్వంలో బరువవుతుంది. మన ప్రవాసులకు గుర్తుండే విషయం ఒకటుంది. రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు 1981లో కౌలాలంపూర్‌లో జరిగినప్పుడు రాష్ట్ర ముఖ్యమంత్రి ఆయనే.

1982 ఫిబ్రవరిలో రాజీవ్ గాంధీ గారు హైదరాబాదు వచ్చారు. బేగంపేట విమానాశ్రయంలో అంజయ్య గారు పూలదండలతో, మందీమార్బలంతో ఘనస్వాగతం ఏర్పాటు చేశారు. ఆ ఆర్భాటం నచ్చని రాజీవ్ గారు అందరి ఎదుటా ఆయన్ని మందలించారు. వయసులో పాతికేళ్ళ పెద్ద, పైగా ఒక రాష్ట్ర ముఖ్యమంత్రి. తెలుగువాళ్ళకు ఆ దృశ్యం ముల్లులా గుచ్చుకుంది. ఆ నెల 24న ఆయన పదవి పోయింది. మార్చి 29న నందమూరి తారక రామారావు గారు తెలుగుదేశం పార్టీని ప్రకటించారు. తెలుగువారి ఆత్మగౌరవమనే నినాదానికి అంజయ్య గారి అవమానం ఆయువుపట్టయింది. 1983 జనవరిలో కాంగ్రెసు ఓడిపోయింది.

ఇక్కడే ఆయన కథ అరుదైన మలుపు తిరిగింది. తన అవమానం పేరు చెప్పి పెరిగిన పార్టీలోకి ఆయన వెళ్ళలేదు. అవమానించిన పార్టీలోనే ఉండిపోయారు. అది విధేయత అనేవారున్నారు, చేతకానితనం అనేవారూ ఉన్నారు. నా మటుకు నాకు, ఒక సంఘంలో చేరినవాడు నాయకుడితో తగవు వచ్చిందని సంఘం విడిచిపెట్టడన్న పాత కార్మికుల నీతి అందులో కనిపిస్తుంది.

1984 డిసెంబరు లోక్‌సభ ఎన్నికల నాటికి ఇందిరాగాంధీ గారి హత్య జరిగి రెండు నెలలు కాలేదు. దేశమంతటా కాంగ్రెసుకు నాలుగు వందలకు పైగా స్థానాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం గాలి ఎదురు వీచింది. ఆగస్టులో రామారావు గారి ప్రభుత్వాన్ని పడగొట్టడం, సెప్టెంబరులో ఆయన తిరిగి రావడం జనం మరచిపోలేదు. 42 స్థానాల్లో తెలుగుదేశానికి 30, కాంగ్రెసుకు 6 వచ్చాయి.

ఆ ఎన్నికల్లో కాంగ్రెసు గట్టివనుకున్న రెండు స్థానాలు ఒకేసారి ఖాళీగా ఉన్నాయి. ఒకటి మెదక్, ఇందిరాగాంధీ గారు 1980లో గెలిచిన చోటు. రెండోది సికింద్రాబాదు, 1979 ఉప ఎన్నిక నుంచి పి. శివశంకర్ గారు ప్రాతినిధ్యం వహించిన చోటు. శివశంకర్ గారు సికింద్రాబాదు వదిలి మెదక్‌లో నిలబడ్డారు. సికింద్రాబాదు టికెట్టు అంజయ్య గారికి దక్కింది. చిత్రమేమంటే, మెదక్ అంజయ్య గారి సొంత జిల్లా. ఫలితాలు వచ్చేసరికి కేంద్ర మంత్రిగా పేరున్న శివశంకర్ గారు మెదక్‌లో తెలుగుదేశం అభ్యర్థి చేతిలో ఓడిపోయారు. సికింద్రాబాదులో అంజయ్య గారు గెలిచారు.

రెండూ కోటలే, రెండూ ఖాళీలే, గాలి కూడా ఒక్కటే. మరి ఒకటి నిలిచి ఒకటి ఎందుకు కూలింది? నగరంలో భిన్న భాషల, భిన్న ప్రాంతాల జనం ఉండటం ఒక కారణం కావచ్చు. నాకు తోచే మరో కారణం, ముషీరాబాదు కూడా భాగంగా ఉన్న ఆ నియోజకవర్గంలోని కార్మికవాడలకు అంజయ్య గారు ఎన్నికలనాడు వచ్చిన అతిథి కారు. ఓడినా అక్కడే తిరిగిన మనిషి. విమానాశ్రయం సంఘటనతో ఆయన మీద కలిగిన సానుభూతి కూడా పార్టీ గుర్తు చూసుకుని ఆగిపోలేదేమో.

రాజీవ్ గాంధీ గారే ఆయన్ని కేంద్రంలో కార్మిక శాఖకు స్వతంత్ర హోదా గల సహాయ మంత్రిగా తీసుకున్నారు. ఈ ముక్క గల్ఫు తెలుగువారికి ముఖ్యం. 1922 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన వలసల చట్టం 1983 డిసెంబరు 30న అమలులోకి వచ్చింది. విదేశాలకు కూలిపనికి వెళ్ళేవారి అనుమతులు, ఏజెంట్ల లైసెన్సులు ఆ రోజుల్లో కార్మిక శాఖ చేతిలోనే ఉండేవి. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫుకు బయలుదేరిన మనవాళ్ళ కాగితాలు కదిలే శాఖకు ఒకప్పటి దినకూలీ మంత్రి అయ్యారన్నమాట. ఎక్కువకాలం మిగల్లేదు. 1986 అక్టోబరు 19న మంత్రిగా ఉండగానే కన్నుమూశారు. బాల కార్మిక నిషేధ, నియంత్రణ చట్టం ఆ డిసెంబరులో వచ్చింది.

సికింద్రాబాదు మళ్ళీ ఖాళీ అయింది. 1987 ఉప ఎన్నికలో ఆయన సతీమణి మణెమ్మ గారు గెలిచారు, 1989లోనూ గెలిచారు. 1991లో ఆ స్థానం బండారు దత్తాత్రేయ గారి ద్వారా భారతీయ జనతా పార్టీకి వెళ్ళింది. ఆయనా 2014 నుంచి 2017 వరకు కేంద్ర కార్మిక శాఖనే చూశారు. 2008లో ముషీరాబాదు ఉప ఎన్నికలో మణెమ్మ గారు నాయిని గారిపై గెలిచారు. భర్త ఓడిన చోట, ఆయన్ని ఓడించిన మనిషి మీదే, ముప్ఫై ఏళ్ళకు.

ఏ స్థానమూ ఏ పార్టీకీ పట్టా రాసిచ్చిన భూమి కాదని ఈ కథ చెబుతుంది. మనకు మాత్రం ఇందులో మరో ప్రశ్న ఉంది. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసులు ఓటర్లుగా నమోదయ్యే వీలు 2011 నుంచి ఉంది. కానీ 2024 ఎన్నికల్లో కూడా స్వయంగా ఊరికి వెళ్ళినవాళ్ళే ఓటు వేయగలిగారు. విమానం టికెట్టుకు నెల జీతం పెట్టలేని కూలీకి ఆ హక్కు కాగితం మీదే మిగిలింది. ఓటు చెయ్యలేని వాళ్ళ తలుపు తట్టాల్సిన అవసరం అభ్యర్థికి లేదు. అంజయ్య గారి బలమంతా ఓట్లకు ముందే ఆ తలుపులు తట్టి ఉండటంలో ఉంది. ఈ మహాసభల వేదిక మీద కూర్చునే మన నాయకులను అడగవలసింది అదే. గల్ఫు కూలీకి ఉన్నచోటనే ఓటు వేసే ఏర్పాటు ఎప్పుడు చేస్తారు? అది వచ్చేదాకా, మన ఊళ్ళలో ఏ కంచుకోట లెక్కలోనూ మేము ఉండం.