తానీషా చిత్తరువు

హైటెక్ సిటీ హర్మ్యాలకు దక్షిణాన గోలకొండ దుర్గమున్నది. దాని కడపటి ప్రభువు అబుల్ హసన్ కుతుబ్ షా, లోకానికి తానీషా. 1672లో గద్దెనెక్కి, అక్కన్న మాదన్నలపై రాజ్యభారముంచాడు. 1686లో ఆ సోదరులు హతులైనారు. మరుసటి యేడు ఔరంగజేబు ముట్టడించగా కోట ఎనిమిది నెలలు నిలిచింది. లంచానికి లొంగిన సర్దారొకడు తలుపు తెరవగా శత్రువశమైనది. అబ్దుల్ రజాక్ లారీ ఒళ్లంతా గాయాలైనా పోరు విడువలేదు. తానీషా దౌలతాబాదు చెరలోనే కన్నుమూశాడు.

చిత్రకళ ఈ ఇరువురు ప్రభువులను ఒక్కతీరున చూడలేదు. మొగలు చిత్రాలలో పాదుషా శిరస్సు చుట్టూ తేజోవలయం వెలుగుతుంది. డచ్చి వర్తకుల కోసం గోలకొండ చిత్రకారులు గీసిన పటాలలో తానీషా పోరుజాడ లేక ప్రశాంతంగా నిలిచి ఉంటాడు. గెలిచినవాని శౌర్యానికి కుంచె దొరికింది. ఓడినవాని ఎనిమిది నెలల నిబ్బరానికి ఆ కోటగోడలే చిత్తరువు.