విమానపు ఇంజనుతో పరుగెత్తిన కారు
(కౌంట్ లూయీ జ్బొరోవ్‌స్కీ జీవితము)

పాత జీపులోనో అంబాసిడరు కారులోనో పెట్రోలు ఇంజనును విప్పివేసి, దాని స్థానమున డీసెలు ఇంజనును బిగించుట ఒకప్పుడు మన ఆదోని, ఎమ్మిగనూరు షెడ్లలో వింత పనిగా ఎవరును తలచెడివారు కారు. చమురు ఖర్చు తగ్గించుకొనుటయే అందలి ఉద్దేశము. ఖర్చును లెక్కచేయక, కేవలము వేగము కొరకు, కారులో విమానపు ఇంజనునే అమర్చిన ఒక యువకుని చరిత్రను ఈ సంచికలో మా విద్యార్థులకు పరిచయము చేయదలచినాము. ఆయన పేరు కౌంట్ లూయీ జ్బొరోవ్‌స్కీ. చిట్టీ చిట్టీ బాంగ్ బాంగ్ అను పిల్లల చలనచిత్రమును చూచినవారు ఆయన కారు పేరును ఎరుగుదురు గాని, ఆయనను ఎరిగినవారు తక్కువ.

లూయీ 1895వ సంవత్సరము ఫిబ్రవరి 20వ తేదీన లండనులో జన్మించినాడు. తండ్రి ఎలియట్ జ్బొరోవ్‌స్కీ పోలిష్ వంశీకుడని చెప్పుకొన్న అమెరికనుడు, మోటారు పందెగాడు. తల్లి మార్గరెట్ అమెరికాలోని ఆస్టర్ కుబేర వంశమునకు చెందినది. 1903 ఏప్రిల్ 1న ఫ్రాన్సులోని నీస్ నగర సమీపమున, లా టుర్బీ కొండదారి పందెములో తండ్రి మెర్సిడెస్ కారు బండరాతికి కొట్టుకొనగా ఆయన అక్కడికక్కడే మరణించినాడు. అప్పటికి కుమారునికి ఎనిమిదేండ్లు. 1911లో తల్లియు గతించినది. పదునారేండ్ల ప్రాయమున ఆ బాలుడు కోటి పౌన్లకు మించినదని చెప్పబడు ధనమునకును, న్యూయార్కు నగరములోని విలువైన స్థలములకును, ఇంగ్లండులో కాంటర్బరీ దగ్గరి హైయమ్ పార్క్ అను భవనమునకును యజమాని అయినాడు. వద్దని చెప్పు పెద్దలు లేని ఇంట అంత ధనము చేరినపుడు ఏమగునో మనమెరుగనిది కాదు. అయితే ఈ యువకుడు ఆ భవనములో యంత్రశాలను నెలకొల్పి, కోటు విప్పి, నూనె చేతులతో పని నేర్చుకొన్నాడు. ఆ ఒక్క గుణము వలననే ఆయన చరిత్ర వ్రాయదగినదని మా అభిప్రాయము.

1918లో మొదటి ప్రపంచ యుద్ధము ముగిసినది. యుద్ధ విమానముల కొరకు తయారైన ఇంజన్లు వేలకొలది మిగిలిపోయి చౌకగా అమ్మకమునకు వచ్చినవి. లూయీ అట్టి ఒక జర్మను మేబాఖ్ ఇంజనును సంపాదించినాడు. దాని పరిమాణము 23 లీటర్లు, సిలిండర్లు ఆరు, శక్తి సుమారు 300 అశ్వశక్తి. మన అంబాసిడరు ఇంజను ఒకటిన్నర లీటరు. అనగా ఈ ఇంజనులోని ఒక్కొక్క సిలిండరే రెండు అంబాసిడరు ఇంజన్లను మించినది. యుద్ధమునకు పూర్వపు మెర్సిడెస్ కారు చట్రమును పొడిగించి, క్లైవ్ గాలప్ అను ఇంజనీరు సహాయముతో దానిని అందులో నిలిపినాడు. ఆ కారుకు చిట్టీ బాంగ్ బాంగ్ అని పేరిడినాడు.

ఇంజను పట్టునంత చోటు చూపించినంత మాత్రమున పని తీరదు. విమానపు ఇంజను పంకాను త్రిప్పుటకు పుట్టినది. పంకా మరీ వేగముగా తిరిగిన పనికిరాదు గనుక, ఆ ఇంజను నిమిషమునకు సుమారు 1,500 చుట్లకు మించి తిరుగదు. దాని బలము వేగములో లేదు, పరిమాణములో ఉన్నది. పొలమున నీరు తోడు పాతకాలపు ఆయిలింజను తాపీగా దడదడలాడుచు ఎంత బరువు లాగునో చూచినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. అట్లు నెమ్మదిగా తిరుగు ఇంజనుతో చక్రములను శీఘ్రముగా త్రిప్పుట ఎట్లు? ఆదోని ప్రత్తి జిన్నింగు మిల్లులో పెద్ద పుల్లీ నుండి చిన్న పుల్లీకి బెల్టు వేసినచో చిన్నది ఎక్కువ చుట్లు తిరుగును గదా! చిట్టీకి బెల్టునకు బదులు సైకిలుకు వలె గొలుసులుండెడివి. పండ్ల చక్రముల పరిమాణమును మార్చినచో వేగము మారును. ఇక బరువు మాట. ముందు భాగమున అంత ఇనుము కూర్చున్నపుడు చట్రము వంగరాదు, స్ప్రింగులు కుంగరాదు, క్లచ్చి జారరాదు. వీటన్నిటికి ఏదో ఒక ఉపాయము కలదు. ఉపాయము లేనిది ఆపుటకే. ఆ కాలపు కార్లకు ముందు చక్రములకు బ్రేకులే లేవు. 300 అశ్వశక్తితో పరుగెత్తు బండిని వెనుక చక్రముల బ్రేకులే నిలువరించవలెను.

లండను సమీపమున బ్రూక్‌లాండ్స్ అను కాంక్రీటు పందెపు బాట ఉండెడిది. 1907లో తెరువబడినది; వంపుల వద్ద గోడవలె ఎత్తుగా కట్టినది. 1921 ఈస్టరు పండుగ పందెములలో చిట్టీ మొదటిసారి దిగినది. చూపరులు దాని బారెడు బానెట్టును, లావైన పొగగొట్టమును చూచి నవ్వుకొనియుందురు. అది ఆ దినమున రెండు పందెములను గెలిచి, గంటకు 100 మైళ్ళ వేగమును దాటినది.

1922 సెప్టెంబరులో అదే బాటపై ముందు టైరు ప్రేలినది. కారు అదుపు తప్పి, కాలము లెక్కించు గుడిసెను ఢీకొన్నది. లూయీ బ్రతికి బయటపడినాడు గాని, అక్కడి అధికారి ఒకని చేతి వ్రేళ్ళు తెగిపోయినవి. ఈ సంఘటనను పెక్కుమంది రచయితలు హాస్యముగా చెప్పుదురు. మాకు హాస్యము తోచలేదు. వేగము కోరినది ఒకరు, వ్రేళ్ళు పోగొట్టుకొన్నది వేరొకరు. నేడు మన దేశమున 1988 నాటి మోటారు వాహనాల చట్టము 52వ సెక్షను, తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదని ఆంక్ష విధించుచున్నది. వేరు రకపు ఇంజను అమర్చుటకు అనుమతి కావలెను. షెడ్డు పని మీద మోజు గల మా విద్యార్థులు దానిని కేవలము ఆఫీసు చిక్కుగా భావించకుందురు గాక.

లూయీ ఆగలేదు. 18.8 లీటర్ల బెంజ్ విమానపు ఇంజనుతో రెండవ చిట్టీని అప్పటికే నిర్మించియున్నాడు. 1922 ఆరంభములో భార్యతోను మిత్రులతోను దానిలో సహారా ఎడారి అంచు దాక పోయి వచ్చినాడు. మూడవది మరియొక మెర్సిడెస్. నాలుగవ దానికి అమెరికను లిబర్టీ ఇంజను ఎక్కించినాడు. 27 లీటర్లు, పండ్రెండు సిలిండర్లు, 450 అశ్వశక్తి! దానికి హైయమ్ స్పెషల్ అని పేరు. ఇది చాలక, కష్టములలో ఉన్న ఆస్టన్ మార్టిన్ సంస్థకు ధనసహాయము చేసినాడు. 1922 ఫ్రెంచి గ్రాండ్ ప్రీలో వారి కారు నడిపినాడు. 1923లో అమెరికాలోని ఇండియానాపోలిస్ పందెమునకును వెళ్ళినాడు.

తాను కట్టిన ఆ భీకర వాహనములు ఆయన ప్రాణము తీయలేదు. 1924 అక్టోబరు 19న ఇటలీలోని మోంజా బాటపై, మెర్సిడెస్ సంస్థ వారే తయారుచేసిన రెండు లీటర్ల చిన్న ఇంజను కారును నడుపుచుండగా, అది లెస్మో మలుపు వద్ద చెట్టుకు కొట్టుకొన్నది. ఆయన వయస్సు 29 ఏండ్లు. తండ్రి ప్రాణము తీసినదియు మెర్సిడెస్ కారే. తండ్రి ధరించిన చొక్కా బొత్తాములనే ఆనాడు కుమారుడును ధరించినాడని ఒక కథ ప్రచారములో కలదు. మరణము వెనుక ముడి వెదకుట లోకమునకు అలవాటు. మలుపు, చెట్టు, వేగము అను మూడు కారణములు మాకు చాలును.

హైయమ్ స్పెషల్ కారును వేల్స్ దేశీయుడైన ఇంజనీరు పారీ-థామస్ 125 పౌన్లకు కొన్నాడు. ఇంజనులో మార్పులు చేసి, బాబ్స్ అని పేరు మార్చి, 1926 ఏప్రిల్‌లో పెండైన్ సముద్రతీరపు ఇసుకపై గంటకు 171 మైళ్ళ వేగముతో నడిపి ప్రపంచ రికార్డు స్థాపించినాడు. మరుసటి ఏడు మాల్కమ్ కాంప్‌బెల్ ఆ రికార్డును దాటగా, దానిని తిరిగి గెలుచుకొనబోయి 1927 మార్చి 3న అదే తీరమున అదే కారులో మరణించినాడు. కారును ఆ ఇసుకలోనే పూడ్చిపెట్టినారు. నలువది రెండేండ్ల తరువాత, 1969లో, ఓవెన్ విన్ ఓవెన్ అను ఇంజనీరు దానిని త్రవ్వించి వెలికితీసి, ఏండ్ల తరబడి శ్రమించి మరల నడుచునట్లు చేసినాడు. మొదటి చిట్టీకి అంత అదృష్టము లేదు. అది షెర్లాక్ హోమ్స్ కథల కర్త కోనన్ డాయిల్ కుమారుల చేతికి పోయి, చివరకు ముక్కలై పోయినది. దాని పేరును మాత్రము ఇయాన్ ఫ్లెమింగ్ 1964లో వెలువడిన తన పిల్లల పుస్తకమునకు పెట్టుకొన్నాడు.

లూయీకి చిన్న రైళ్ళ మీదను మక్కువ మెండు. తన తోటలోనే 15 అంగుళముల వెడల్పు గల పట్టాలు పరిపించుకొన్నాడు. మరణమునకు కొంచెము ముందు, హోవీ అను మిత్రునితో కలసి నిజమైన ప్రయాణికుల మార్గమొకటి వేయదలచి, రెండు ఆవిరి ఇంజన్లకు ఆర్డరు ఇచ్చినాడు. అవి తయారై వచ్చునప్పటికి ఆయన లేడు. హోవీ ఒక్కడే ఇంగ్లండు దక్షిణ తీరమున రామ్నీ, హైత్, డిమ్‌చర్చ్ ఊళ్ళను కలుపు ఆ చిన్న రైలు మార్గమును నిర్మించి 1927లో ప్రారంభించినాడు. గ్రీన్ గాడెస్, నార్తర్న్ చీఫ్ అను ఆ రెండు ఇంజన్లు నేటికిని అక్కడ ప్రయాణికులను లాగుచున్నవి.