పీతలకు పేరుపెట్టిన అంధుడు రంఫియస్

సముద్రంలో దొరికిన ప్రతి పీతా కూరకు పనికిరాదు. పగడపు దిబ్బల్లో తిరిగే కొన్ని పీతలు మనుషుల ప్రాణాలే తీస్తాయి. ఎంతసేపు ఉడికించినా వాటి విషం పోదు. తినదగినదేదో తేల్చాలంటే ముందు అది ఏ పీతో గుర్తుపట్టాలి. వర్గీకరణమంటే పరీక్షలకు బట్టీపట్టే లాటిన్ పేర్లే అనుకునే మనందరం తెలుసుకోదగిన మహనీయుడు జార్జ్ ఎబర్‌హార్డ్ రంఫియస్.

ఆయన 1627లో జర్మనీలో జన్మించారు. 1652లో డచ్చి ఈస్టిండియా కంపెనీ కొలువులో ఓడెక్కి, లవంగాలకు పేరుపొందిన అంబోన్ దీవి చేరారు. అది నేటి ఇండోనేషియాలో ఉంది. కొలువు వర్తకమైనా, మనసంతా చెట్టూ చేమా, గవ్వలూ పీతల మీదే!

1670లో చూపు పోయింది. 1674లో భూకంపం భార్య సుసన్నానూ, కూతురినీ పొట్టనబెట్టుకుంది. 1687లో అగ్నిప్రమాదంలో పుస్తకాలూ బొమ్మలూ బుగ్గయ్యాయి. 1692లో హాలండుకు పంపిన వృక్షగ్రంథం ఓడతోపాటు మునిగింది. బటేవియాలో నకలు ఉండబట్టి ఆ గ్రంథం దక్కింది. ఇంటికి రావలసిన పంట తుపాను పాలైతే మళ్ళీ నారు పోసే రైతుగుండె ఆయనది. అలాంటి గుండెను నేను మా ఇంట్లోనే చూశాను.

చూపులేని మనిషి పీతల గురించి ఎలా రాశారు? చేత్తో తడిమారు. కళ్ళున్నవారిని అడిగారు. ఆయన చెబుతుంటే గుమాస్తాలు రాశారు, కొడుకు బొమ్మలు గీశాడు. దీవివాసులు పిలిచే మలయ్ పేర్లను లాటిన్ పేర్ల పక్కనే చేర్చారు. ప్రమాదకరమైన పీతను విడదీసి, హానికరమని అర్థం వచ్చేలా నోక్సియస్ అని పేరు పెట్టారు. గట్టుమీద బొరియ చూసి లోపలుండేది పీతో పామో చెప్పే మా పల్లెవాళ్ళకు ఈ విద్య కొత్తదేం కాదు. ఆ ఎరుకను పుస్తకానికెక్కించడమే ఆయన గొప్పతనం.

1702లో ఆయన కన్నుమూశారు. అంబోన్ వింతలపై ఆయన రాసిన గ్రంథం 1705లో ఆమ్‌స్టర్‌డాంలో అచ్చయింది. తర్వాత లినేయస్ దాన్ని ఆధారం చేసుకున్నాడు.

జోసిమస్ ఈనియస్, అటర్‌గేటిస్ ఫ్లోరిడస్ అనే పీతల్లో ఉండేవి సాక్సిటాక్సిన్, టెట్రోడోటాక్సిన్ అనే విషాలని నేడు మనకు తెలుసు. మొదటిదాని చిప్ప బొడిపెలు బొడిపెలుగా ఉంటుంది. రెండోదాని చిప్ప నున్నగా ఉంటుంది. ఒకే జాతి పీతలో కూడా విషం మోతాదు దిబ్బను బట్టి మారుతుంది. కనుక తెలియని పీతను వదిలెయ్యడమే క్షేమం.

మిత్రులారా! ప్రాక్టికల్స్‌లో సీసా మీది పేరు చదివేటప్పుడు, తిని ప్రాణం పోగొట్టుకున్నవారినీ, తడిమి తెలుసుకున్న ఆ అంధుణ్ణీ ఒక్క క్షణం తలుచుకోండి.