హిమసముద్రములో నాయకుడు - షాకిల్టన్

తలపెట్టిన కార్యమును సాధించినవానిని లోకము నాయకుడని కొనియాడును. తలపెట్టిన పెద్ద కార్యములు నెరవేరకపోయినను ఉత్తమ నాయకుడని పేరు పొందినవాడు అరుదుగా కనబడును. అట్టివాడు ఎర్నెస్ట్ షాకిల్టన్. దక్షిణ ధ్రువము దిక్కుగా అతడు రెండుమారులు నడచెను, చేరలేదు. అంటార్కిటికా ఖండమును ఒక తీరమునుండి మరియొక తీరమునకు కాలినడకను దాటవలెనని ఇంకొకమారు బయలుదేరెను. ఆ యాత్రలో ఆ ఖండముపై కాలైనను మోపలేకపోయెను. ఐనను నాయకత్వమును గూర్చియు, పలువురు కలసి పనిచేయు విధమును గూర్చియు బోధించువారు నేటికిని అతని కథను తరచుగా చెప్పుచుందురు. దానికి కారణము తెలియవలెనన్నచో అతని జీవితమును మొదటినుండి చూడవలెను.

1874వ సంవత్సరము ఫిబ్రవరి 15వ తేదీన ఐర్లండు దేశమున, కిల్డేర్ మండలమునందలి కిల్కీ అను పల్లెలో షాకిల్టన్ జన్మించెను. పదిమంది సంతానములో అతడు రెండవవాడు. తండ్రి హెన్రీ మొదట వ్యవసాయము చేసి, పిమ్మట డబ్లిన్ నగరమున వైద్యవిద్య నభ్యసించి, 1884లో కుటుంబముతో లండను ప్రాంతమునకు వచ్చి వైద్యుడుగా స్థిరపడెను. కుమారుడును తనవలెనే వైద్యుడు కావలెనని ఆయన కోరిక. కాని డల్విచ్ కళాశాలలో చదువుచున్న ఆ బాలుని మనసు పాఠములపై నిలువలేదు. 1890లో, పదునారవ యేట, అతడు బడి విడిచి, హోటన్ టవర్ అను తెరచాప ఓడపై పనికి కుదిరెను. ఆ ఓడ తుపానులకు పేరుపడిన హార్న్ అగ్రమును చుట్టి పోయెను. తాళ్ళు లాగుట, చాపలు దించుట, చలికి కొంకర్లు పోయిన చేతులతో రాత్రులు కాపలా కాయుట అతనికి నిత్యకృత్యములాయెను. 1898 నాటికి అతడు ఓడకు కప్తానుగా నుండుటకు కావలసిన పరీక్షలో ఉత్తీర్ణుడయ్యెను. బడిలో అబ్బని విద్య ఓడపై అబ్బెను.

1901లో బ్రిటిషు నౌకాదళమునకు చెందిన స్కాట్ దక్షిణ ధ్రువ ప్రాంతమునకు డిస్కవరీ అను ఓడలో బయలుదేరెను. షాకిల్టన్ అతని అనుచరులలో ఒకడు. స్కాట్, విల్సన్, షాకిల్టన్ అను మువ్వురు మంచుపై దక్షిణముగా నడచి 1902 డిసెంబరు 30న 82 డిగ్రీల 17 నిమిషముల అక్షాంశమును చేరిరి. అంతకు ముందు అంతదూరము ఎవ్వరును పోయియుండలేదు. కాని బండ్ల నీడ్చు కుక్కలను నడపు విధము వారికి చక్కగా తెలియదు. ఆహారము చాలలేదు. తాజా ఆహారము లేనిచో పుట్టు స్కర్వీ వ్యాధి మువ్వురిని పట్టుకొనెను. షాకిల్టన్ రక్తము కక్కుకొని కూలబడెను. 1903లో స్కాట్ అతనిని సహాయపు ఓడలో స్వదేశమునకు పంపివేసెను. యౌవనమున పొందిన ఈ అవమానము అతని హృదయమున ముల్లువలె నాటుకొనెను. ఐనను అతడు దానినుండి కొన్ని పాఠములు నేర్చుకొనెను. తాజా మాంసము లేక మంచుదేశమున బ్రదుకలేమనియు, జబ్బుపడినవాని బాధ జబ్బుపడినవానికే తెలియుననియు అతడు గ్రహించెను.

1907లో అతడు తానే నాయకుడై నిమ్రాడ్ అను ఓడలో మరల దక్షిణమునకు బయలుదేరెను. తీరమున చెక్కలతో ఒక గుడిసె కట్టుకొని అందరును శీతకాలము గడపిరి. నెలల తరబడి సూర్యుడు కనబడని ఆ చీకటిలో చేతికి పని లేనిచో మనుష్యులు ఒకరినొకరు ద్వేషించుకొందురని షాకిల్టన్ ఎరుగును. అందుచేత ఒక చిన్న అచ్చుయంత్రమును వెంట తెచ్చెను. అనుచరులే వ్యాసములు వ్రాసి, బొమ్మలు గీసి, అక్షరములు కూర్చి, సామానుపెట్టెల చెక్కలను అట్టలుగా వేసి ఒక గ్రంథమును ముద్రించిరి. తాజా సీలు మాంసమును తినుట అందరికి అలవాటు చేయబడెను. ఆ శీతకాలమున స్కర్వీ ఎవ్వరిని బాధింపలేదు.

వేసవి రాగానే షాకిల్టన్ మువ్వురు సహచరులతో ధ్రువమువైపు నడచెను. 1909 జనవరి 9న వారు 88 డిగ్రీల 23 నిమిషముల అక్షాంశమును చేరిరి. ధ్రువము ఇక సుమారు 180 కిలోమీటర్ల దూరమున నున్నది. ఆహారము అడుగంటినది. ముందునకు పోయినచో ధ్రువమును చేరవచ్చును గాని తిరిగివచ్చుట కల్ల. నాయకుడు వెనుకకు తిరిగెను. తిరుగు దారిలో ఆకలిచే క్షీణించుచున్న ఫ్రాంక్ వైల్డ్ అను సహచరునకు తన వంతు బిస్కత్తు నిచ్చి బలవంతముగా తినిపించెను. నలువురును ప్రాణములతో తిరిగివచ్చిరి. 1911 డిసెంబరులో నార్వే దేశస్థుడు అముండ్‌సెన్ ధ్రువమును చేరెను. మరునెలలో అచ్చటికి చేరిన స్కాట్‌యు, అతని నలువురు సహచరులును తిరుగు దారిలో మరణించిరి. షాకిల్టన్ వెనుకకు తిరిగిన నాటి వివేకము ఎంత విలువైనదో ఆ వార్తతో లోకమునకు బోధపడెను.

ధ్రువమును ఒకరు చేరిరి గనుక, ఇక ఖండమును దాటుటయే మిగిలినదని అతడు భావించెను. 1914లో ఎండ్యూరెన్స్ అను ఓడలో బయలుదేరెను. ఓడపై అతనితో కలసి ఇరువది యెనిమిది మంది ఉండిరి. 1915 జనవరిలో వెడెల్ సముద్రమున ఓడ మంచుపలకల నడుమ చిక్కుకొనెను. ఎంత ప్రయత్నించినను కదలలేదు. ఆ శీతకాలమంతయు ఓడయే వారికి ఇల్లాయెను. శాస్త్రజ్ఞుడైనను, వైద్యుడైనను, నావికుడైనను తన వంతు వచ్చినపుడు నేల కడుగవలసినదే. మంచుపై బంతి ఆటలు, కుక్కలబండ్ల పందెములు జరుగుచుండెను. కాలము వ్యర్థముగా గడచుచున్నట్లు తోచెడి ఆ దినములలోనే అనుచరులు ఒక్క కుటుంబమైరి.

మంచు ఒత్తిడికి ఓడ పగులగా 1915 అక్టోబరు 27న వారు దానిని విడిచిరి. నవంబరు 21న అది మునిగిపోయెను. సంవత్సరముల తరబడి కన్న కలయు దానితోనే మునిగెను. షాకిల్టన్ దానికై విలపించుచు కూర్చుండలేదు. ఇకమీదట తన లక్ష్యము అందరిని సజీవులుగా ఇంటికి చేర్చుటయే అని నిశ్చయించుకొనెను. బరువు తగ్గించుటకై ప్రతివాడును తన సొంత వస్తువులలో రెండు పౌనుల బరువుమాత్రమే ఉంచుకొనవలెనని ఆజ్ఞాపించి, మొదట తన బంగారు నాణెములను తానే మంచుపై పారవేసెను. కాని పండ్రెండు పౌనుల బరువుగల ఒక బాంజో వాద్యమును మాత్రము వదలనీయలేదు. రాబోవు దినములలో అన్నమెంత అవసరమో పాటయు అంత అవసరమని అతడు తలచెను.

అతడు పొరపాటు చేయనివాడు కాడు. పడవలను మంచుపై ఈడ్చుకొనుచు తీరమువైపు నడువవలెనని రెండుమారులు ఆజ్ఞాపించెను. డిసెంబరులో వారము దినములు శ్రమపడినను పట్టుమని ఇరువది కిలోమీటర్లైనను సాగలేదు. పడవలు పాడగుచున్నవని వడ్రంగి మెక్‌నిష్ ఎదురుతిరిగెను. షాకిల్టన్ అతనిని కఠినముగా అణచెను గాని, కొలది దినములలోనే ఆ ప్రయాణము కొనసాగదని గ్రహించి దానిని మానుకొనెను. ఆజ్ఞ తప్పని తెలిసినపుడు మార్చుకొనుటకు అతడు సిగ్గుపడలేదు. వెచ్చని రోమపు నిద్రసంచులు అందరికి చాలనపుడు చీట్లు వేయించెను. అవి నావికులకే చేరునట్లును, తనకును పెద్ద అధికారులకును ఉన్ని సంచులు వచ్చునట్లును చూచెను. సణుగుడు స్వభావము గలవారిని ఇతరుల గుడారములలో ఉంచక తన గుడారమునకు తెచ్చుకొనెను.

1916 ఏప్రిల్ 9న మంచు విడిపోగా వారు మూడు పడవలలో సముద్రమున ప్రవేశించి, 15వ తేదీన నిర్జనమైన ఎలిఫెంట్ దీవిని చేరిరి. ఆ దారిన ఓడలు రావు. సహాయము తేవలసినవాడు నాయకుడే. ఫాక్‌లాండ్ దీవులు దగ్గరవైనను పడమటి గాలులు అడ్డగించును. గాలివాలుననున్న దక్షిణ జార్జియా దీవి సుమారు 1,300 కిలోమీటర్ల దూరము. ఇరువదిమూడు అడుగులకు మించని జేమ్స్ కేర్డ్ అను పడవకు అంచులు పెంచి, పైని గుడ్డకప్పు వేసి దానిని సముద్రయోగ్యముగా చేసినవాడు ఎదురుతిరిగిన ఆ మెక్‌నిషే. ఏప్రిల్ 24న ఆరుగురు బయలుదేరిరి. కప్తాను వర్స్లీ మబ్బుల సందున సూర్యుడు కనబడిన కొన్ని క్షణములలో లెక్కలు కట్టి దారి చూపెను. ఎవడైన చలికి వణకుచున్నట్లు కనబడినచో, అతని పేరెత్తి సిగ్గుపరుపక, అందరికిని వేడిపాలు ఇమ్మని షాకిల్టన్ చెప్పెడివాడు.

మే 10న వారు దక్షిణ జార్జియా తీరమున దిగిరి. కాని తిమింగలముల వేటగాండ్ర స్థావరములు ఆవలి తీరమున నున్నవి. నడుమ ఎవ్వరును దాటని మంచుకొండలు. పడవనుండి ఊడదీసిన మరమేకులను బూట్లకు బిగించుకొని షాకిల్టన్, వర్స్లీ, క్రీన్ అను మువ్వురు ముప్పదియారు గంటలు నడచిరి. ఒకచోట ఇరువురును అలసి నిద్రపోయిరి. అందరును నిద్రించినచో తిరిగి లేవరని ఎరిగిన షాకిల్టన్ అయిదు నిమిషములకే వారిని లేపి, అరగంట నిద్రించితిరని నమ్మించి నడిపించెను. మే 20న వారు స్ట్రామ్‌నెస్ స్థావరమును చేరిరి.

ఎలిఫెంట్ దీవిలోని ఇరువది ఇద్దరికై అతడు మూడుమారులు ఓడలలో పోయి, మంచు అడ్డగింపగా వెనుకకు వచ్చెను. నాలుగవమారు చిలీ దేశపు యెల్చో అను చిన్న ఓడలో, లూయిస్ పార్డో కప్తానుగా, 1916 ఆగస్టు 30న దీవిని చేరెను. బోర్లించిన రెండు పడవల క్రింద నాలుగు నెలలు గడపిన ఇరువది ఇద్దరును సజీవులుగా నుండిరి. నాయకుడు ఈ దినమే రావచ్చునని ప్రతి ఉదయమును చెప్పి వారిచే పరుపులు చుట్టించినవాడు ఫ్రాంక్ వైల్డ్. తొల్లి బిస్కత్తు తిన్నవాడే.

అతని చరిత్రలో నీడలును కలవు. ఖండమునకు ఆవలివైపున, రాస్ సముద్రతీరమున అతనికై ఆహారపు నిలువలు ఉంచుటకు పోయిన వేరొక బృందములో మువ్వురు మరణించిరి. షాకిల్టన్ 1917 జనవరిలో స్వయముగా పోయి మిగిలినవారిని తీసికొనివచ్చెను గాని, ఆ యాత్రను ఏర్పరచినవాడుగా ఆ లోటు అతనిదే. మెక్‌నిష్ మున్నగు నలువురకు ధ్రువ పతకము ఇచ్చుటకు అతడు సిఫారసు చేయలేదు. అందరి ప్రాణములను మోసిన పడవను బాగుచేసిన చేతులకు ఆ గౌరవము దక్కకపోవుట నేటికిని పలువురిని నొప్పించుచున్నది. వ్యాపారములలో అతడు నిలువలేకపోయెను. అప్పులతోనే కన్ను మూసెను.

1922 జనవరి 5న, నాలుగవ యాత్రలో దక్షిణ జార్జియాయందు ఓడపైననే అతడు గుండెపోటుచే మరణించెను. వయస్సు నలువది యేడు సంవత్సరములు. భార్య కోరికపై మార్చి 5న అతనిని ఆ దీవిలోనే ఖననము చేసిరి. సరిగా నూరు సంవత్సరములకు, 2022 మార్చి 5న, మునిగిన ఎండ్యూరెన్స్ 3,008 మీటర్ల లోతున కనుగొనబడెను.

1919లో వెలువడిన సౌత్ అను గ్రంథమున అతడీ యాత్రను వివరించెను. ఉపాధ్యాయులు దానిని తాము చదివి, విద్యార్థులచే చదివింపదగును. అనుభవమే గురువని పెద్దలందురు. కాని అనుభవము అందరికిని కలుగును. దానిని పాఠముగా మార్చుకొనువారు కొందరే. 1903లో రోగియై మోయబడిన భారము, 1909లో ఇతరుల ఆకలిని తెలిసికొను కన్నుగా మారెను. 1909లో ధ్రువమును విడిచిన వివేకము, 1915లో ఓడను మరచి మనుష్యులను తలచు ధైర్యముగా మారెను. తరగతి గదిలో వెనుకబడిన బాలుడొకడు కనబడినపుడు, డల్విచ్ కళాశాలలో పాఠము వినని ఆ బాలుడు గురువులకు జ్ఞప్తికి రావలెను.